పగవారికి కూడా చదివి వినిపించిన మా సంగప్ప గారు

సంగప్ప గారు లేరు. బడిలో ప్రార్థన ముగిసి పిల్లలు తరగతుల్లోకి వెళుతుండగా తపాలా కార్యాలయం నుంచి కబురు వచ్చింది. జిల్లాకు ఆ కొసన, అద్దె గదిలో, ఒంటరిగా ఉండగా గుండె ఆగిపోయిందన్నారు. "సరిగ్గ విన్నవా?" అని కబురు తెచ్చినవాణ్ణి కసిరాను. అతడేం చేస్తాడు పాపం. ఆయన సాంఘిక శాస్త్రం, నేను తెలుగు. జహీరాబాదు బడిలో ఏళ్ల తరబడి పక్కపక్క గదుల్లో పాఠాలు చెప్పుకున్నవాళ్లం.

సంతాప సభలో ఆయనను అజాతశత్రువని కీర్తించారు. నాకు ఒళ్లు మండింది. ఆయనకు శత్రువులు ఇద్దరున్నారు, ఇద్దరూ ఆ వేదిక మీదే కూర్చొని ఉన్నారు. పేర్లు రాయను. మా ప్రాంతాన్ని ఏలిన ఒకరిని పటేలు అంటాను, ఆయన మీద పోటీ చేసి తర్వాత గెలిచిన ఇంకొకరిని వకీలు అంటాను.

ఈ శత్రుత్వానికి మూలం ఒక పుస్తకం. హైదరాబాదులో కొందరు పండితులు జిల్లా విజ్ఞాన సర్వస్వం తలపెట్టి, మా వైపు ప్రజానాయకుల జీవితాలు రాసే పని సంగప్ప గారికి అప్పగించారు. ఆయన పద్ధతి విచిత్రం. బొంబాయి రోడ్డు మీది చాయ్ హోటల్లో కూర్చొని, పటేలు గురించి రాసింది వకీలు మనుషులకు, వకీలు గురించి రాసింది పటేలు మనుషులకు చదివి వినిపించేవారు. అల్లం బస్తాలు దించి వచ్చిన రైతులు కూడా చాయ్ తాగుతూ వినేవారు. "మనోళ్లు మెచ్చుకుంటే ఏమున్నది తమ్మీ? పగోడు గూడ ఇది అబద్ధమని అనలేకపోవాలె. గప్పుడే అచ్చుకియ్యాలె" అనేవారు నాతో.

వకీలు ప్రజల కోసం జైలుకు వెళ్లారని ఊరంతా చెప్పుకొనేది. సంగప్ప గారు కూడా మొదట అలాగే రాశారు. పటేలు మనుషులు పగలబడి నవ్వితే వెళ్లి విచారించారు. పోలీసులు లారీ ఎక్కించి సదాశివపేట దాకా తీసుకుపోయి, సాయంత్రానికి దించేశారట, అంతే. ఆ మాట కొట్టేశారు. వకీలు ఇంటికొచ్చి, "పోలీసు లారీ ఎక్కినంక జైలుకు పోయినట్టే గదా సారూ!" అని వాదించారు. చెప్పీ చెప్పీ ఆ కథను ఆయనే నమ్మేశారు. "లారీ ఎక్కిన్రని రాస్త. అది గూడ చిన్న ముచ్చటేం గాదు" అని సంగప్ప గారు చాయ్ పోయించి పంపారు.

అసలు చిక్కు పటేలుతో వచ్చింది. కరువు ఏడాది ఆయన గంజి కేంద్రం తెరిచారు. కరువు తీరకముందే అది మూతపడింది. గింజలు పటేలు సొంత దుకాణానికి తరలాయని వకీలు వర్గం. మూతపడనే లేదని పటేలు వర్గం. సంగప్ప గారు ఆ కేంద్రం నడిచిన మొగుడంపల్లి దాకా వెళ్లి, ఆ గంజి తాగినవాళ్లను, వండినవాళ్లను అడిగారు. "గంజి మంచిగనే పోసిన్రు సారూ. ఒకనాడు పొయ్యి ముట్టియ్యలే. ఎందుకో మాకెరుక లేదు" అన్నారందరూ. ఆయన అదే రాశారు: పటేలు ఆకలిగొన్నవారికి గంజి పోయించారు, కరువు తీరకముందే కేంద్రం మూతపడింది, కారణం తేలలేదు. మూతపడ్డ మాట తీసేయమని పటేలు మనుషులు వచ్చారు. తీయలేదు. అమ్ముడుపోయాడని వకీలు మనుషులు తిట్టిపోశారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే ఇదే.

నెల తిరక్కుండా పటేలు మాట మీద సంగప్ప గారికి బదిలీ అయింది. పొద్దున బయల్దేరి మూడు బస్సులు మారితే చీకటి పడేవేళకు చేరే ఊరు. పక్షవాతంతో మంచం పట్టిన తల్లిని కదిలించలేక, భార్య శరణమ్మ గారిని ఇక్కడే ఉంచి ఒక్కరే వెళ్లారు. తరువాతి ఎన్నికల్లో వకీలు గెలిచారు. ఇక సంగప్ప గారు ఇంటికి వచ్చేస్తారని సంబరపడ్డాను. వకీలు కబురు పంపనే పంపారు: "గింజలు దుకాణానికి పోయినయని ఒక్క మాట రాయి. ఆర్డరు నీ చేతుల పెడత."

సెలవులకు వచ్చినప్పుడు నేనే బతిమాలాను. అమ్మ కోసమైనా రాయమన్నాను. "తలుపు తెరిచే ఉన్నది తమ్మీ. వంగి పోవాలె. నా నడుము వంగుత లేదు" అన్నారు. ధైర్యం గురించి నేనేదో అనబోతే చిరాకు పడ్డారు. "ధైర్యం గాదు. పటేలంటే నాకు గూడ మంటనే. అందుకే రాయరాదు."

ఆ పుస్తకం నేటికీ అచ్చు కాలేదు. కారణం తేలలేదన్న ఆ వాక్యం ఉంటుందో పోతుందో ఎవరికీ తెలియదు. దాని కోసం ఆ మనిషి పరాయి ఊళ్లో పోయారు. వేదిక మీద మాత్రం "మావాడు" అని పటేలూ, "మావాడు" అని వకీలూ కన్నీళ్లు తుడుచుకున్నారు. సంగప్ప గారు ఎవరి వాడూ కాదు. అదే ఆయన మహత్వం.

ఇది రాసి శరణమ్మ గారికి చదివి వినిపించాను. ఆమె గోడకు ఆనుకొని కడదాకా విన్నారు.

"అన్ని నిజమే రాసినవ్ తమ్మీ. ఒకటి ఇడిసిపెట్టినవ్. అత్తమ్మ పాణం పోయేటప్పుడు కొడుకు యాడని అడిగింది. కబురంది వస్తున్న ఆయన ఇంక బస్సులనే ఉండె. తనను గోస పెట్టిన పటేలుకు గూడ న్యాయం చేసిండు. మాకు చేయలే. గది గూడ రాయి."

రాశాను. సంగప్ప గారుంటే ఆయన కూడా దీన్ని కొట్టేసేవారు కాదు. అటువంటి మనిషి మాకు ఇక దొరకరు.