రాశి ముందు ఒకటి అనకూడదు

మా బోరు ఎండిపోయిన ఏడాది నాయన ముదిగుబ్బ పక్కనున్న ఊరు వదిలి, మమ్మల్నందరినీ తీసుకుని కదిరికి వచ్చి ఆటో తోలడం మొదలుపెట్టాడు. నాకప్పుడు ఏడేళ్లు, తమ్ముడికి ఆరు. ఊళ్లో సర్కారు బడిలో ఒకటో తరగతి పూర్తి చేసిన దాన్ని కాబట్టి, సిస్టర్ల బడిలో రెండో తరగతిలో కూర్చోవడం నా హక్కనుకున్నాను. రెండో తరగతి మిస్ అలా అనుకోలేదు. ఇంగ్లీషు ఒక్క ముక్క రాని పిల్ల తన క్లాసులో నెగ్గుకురాలేదని, ఒకటో తరగతిలో వేయమని హెడ్మిస్ట్రెస్ సిస్టర్‌తో చెప్పింది. ఒకటో తరగతి అంటే మా తమ్ముడి క్లాసు.

సిస్టర్ తమిళనాడు నుంచి వచ్చిన మనిషి. కదిరిలో చాలా ఏళ్లుండి మా తెలుగే నేర్చుకుంది గానీ, దాని అంచున అరవ యాస వేలాడుతూ ఉండేది. ఆమె మిస్ వైపు చూసి, నా వైపు చూసి, "రెండు వారాలు నీ దగ్గరనే కూసోనీమ్మా. ఆమీట నువ్వే పరీక్ష పెట్టు, నేనూ వస్తా" అని తేల్చేసింది.

ఈ సంగతి విని ఇంట్లో సంతోషించినవాడు తమ్ముడొక్కడే. "అక్కా, నా బెంచీలో నీకు జాగా పెట్టినా" అన్నాడు. వాడి పక్కన కూర్చుంటే వీధిలో తలెత్తుకోలేనని ఏడిస్తే మా జేజి, అంటే నాయనను కన్న తల్లి, "తమ్ముని పక్కన కూసుంటే నీ సొమ్మేం పోతాదే" అంది. పోయేది నా సొమ్మే అని ఆమెకు ఎలా చెప్పను?

ఆ బడి నాకు మొదటిరోజే నచ్చింది. పొద్దున ప్రార్థనలో అందరం సిలువ గుర్తు వేసుకునేవాళ్లం. నేను కుడి ఎడమలు తారుమారు చేస్తే, పక్కన నిలబడే కిరాణా అంగడివాళ్ల అమ్మాయి మోచేత్తో పొడిచి సరిచేసేది. ఆమె నుదుట కుంకుమ బొట్టు, చేత్తో సిలువ. రెండింటికీ ఏ తగువూ లేదు. మేరీమాత గుహ దగ్గర చెప్పులు విప్పి, జడలోంచి తీసిన కనకాంబరాలు పెట్టి వచ్చేవాళ్లం. పన్నెండింటికి గంట మోగితే ఆటలో ఉన్నా పాటలో ఉన్నా ఎక్కడివాళ్లం అక్కడే నిలబడి జపం చెప్పాలి. ఒకసారి నోటినిండా నీళ్లు పోసుకున్నప్పుడే గంట మోగింది. మింగితే పాపమేమో అని జపం అయ్యేదాకా బుగ్గలు ఉబ్బించుకుని నిలబడ్డాను. సాయంత్రం సీసాల్లో మిగిలిన నీళ్లు ఒక్క చుక్క పారబోయకుండా క్లాసుకొక చెట్టు చొప్పున పోసి ఇంటికి పోవాలి. మాది కానుగ చెట్టు.

పాఠాలు మాత్రం కొరుకుడు పడలేదు. మిస్ "డోర్" అంటే పరిగెత్తి తలుపు ముట్టుకోవాలి, "విండో" అంటే కిటికీ. నేను అందరి వెనకా పరిగెత్తి, వాళ్లు ఏది ముట్టుకుంటే అదే ముట్టుకునేదాన్ని. శుక్రవారం మధ్యాహ్నం బంకమట్టితో బొమ్మలు చేయించేది. అందరూ లడ్లూ పాములూ చేస్తే నేను గొర్రెను చేశాను. కాళ్లు నిలవక పడిపోతుంటే మిస్ నాలుగు చీపురు పుల్లలు విరిచి ఇచ్చింది. "షీప్" అని కాగితం మీద రాసి దాని పక్కన పెట్టి, నా చేత పదిమార్లు అనిపించింది. ఆమె మీద కోపంగా ఉన్నదాన్ని, ఆ పూట మాత్రం మరిచిపోయాను.

పరీక్ష రోజు రానే వచ్చింది. సిస్టర్ వచ్చి వెనక కుర్చీలో కూర్చుంది. మిస్ నన్ను బల్ల దగ్గరికి పిలిచి, డబ్బాలోని చింతగింజలు కుప్పగా పోసింది. "లెక్కపెట్టు. ఇంగ్లీషులో రాకపోతే తెలుగులోనే పెట్టు" అంది. నా మీద దయతోనే అంది. నేను ఒక గింజను పక్కకు లాగి "లాభం" అన్నాను. రెండోది లాగి "రెండు" అన్నాను.

మిస్ ఆపింది. "మొదటి నుంచి చెప్పు."

"లాభం, రెండు, మూడు."

క్లాసంతా నవ్వింది. మిస్ టౌనులో పుట్టి పెరిగింది, వాళ్ల ఇంటికి గింజలు సంచీలో తూకమై వస్తాయి. మా ఇంట్లో అలా కాదు. ఉలవలైనా కందులైనా కల్లంలో జేజి శేరుతో కొలుస్తుంది, మొదటి శేరును ఒకటి అనదు, లాభం అంటుంది. రాశి ముందు కూర్చుని ఒకటి అన్నందుకు నా నోటి మీద ఒకసారి చిన్న దెబ్బ కూడా వేసింది. పలక మీద రాసేది ఒకటి, కుప్పలోంచి తీసేది లాభం. నాకు తెలిసిన లోకం అది, అందులో తప్పేమిటో నాకు అర్థం కాలేదు.

"దీనికి ఒకటి కూడా రాదు సిస్టర్" అంది మిస్ నిస్సహాయంగా.

నాకు తమ్ముడి బెంచీ కళ్లముందు కనిపించింది. ఏడుపు వస్తున్నా నాలో మొండితనం పోలేదు. "ఒకటి వచ్చు మిస్. రాశి ముందర అనగూడదు" అన్నాను.

సిస్టర్ కుర్చీలోంచి లేచి వచ్చింది. "ఎవురు నేర్పినారమ్మా నీకు?" అని అడిగింది.

"మా జేజి."

సిస్టర్ కుప్పలో చెయ్యి పెట్టి, గింజల్ని పక్కకు లాగుతూ, తనలో తాను అనుకుంటున్నట్టు అరవంలో, "లాభం, రెండు, మూణు, నాలు" అంది. ఈసారి ఎవరూ నవ్వలేదు. "మా అప్ప, అంటే మా నాయన కూడా వడ్లు ఇట్లనే కొలుస్తా ఉండె. ఆయన పొయ్యినాంక ఈ మాట నేను యాడా ఇనలేదు" అంది మిస్‌తో.

తర్వాత ఆమే కూర్చుని నన్ను అడిగింది. ఇన్ని తీసేస్తే ఎన్ని, నలుగురికి పంచితే ఎన్నెన్ని. గింజల లెక్కలో నన్ను కొట్టేవాళ్లు లేరు, గబగబా చెప్పేశాను. "రెండో తరగతిలోనే ఉండనీ" అంది సిస్టర్.

"ఇంగ్లీషు, సిస్టర్?"

"నువ్వు నేర్పుమ్మా. నేను ఈడికొచ్చినప్పుడు నాకు మాత్రం తెలుగు యాడ వచ్చు?"

సిస్టర్ మాటను మిస్ నిలబెట్టింది. ఏడాదంతా అన్నం గంటలో నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చదివించింది. ఈరోజు నేను నా కూతురికి ఇంగ్లీషు పుస్తకం చదివి వినిపిస్తున్నానంటే అది ఆమె పెట్టిన భిక్షే. ఆమెకు ఆ మాట నోరారా చెప్పుకునే అవకాశం నాకు దొరకలేదు, ఇక్కడ చెప్పుకుంటున్నాను.

పరీక్ష అయిన మర్నాడు సిస్టర్ తన గదికి పిలిచింది. బల్ల మీద గిన్నెడు బియ్యం, ఒక చిన్న గ్లాసు, ఖాళీ పళ్లెం ఉన్నాయి. "మీ జేజి కొలిచినట్ల కొలువు తల్లీ" అంది. నిన్నటి మాట వెనక్కి తీసుకుంటుందేమో, ఇది రెండో పరీక్షేమో అనుకున్నాను. ఒక్క గింజ కింద పడకుండా గ్లాసుతో తోడి పోస్తూ, లాభం దగ్గర జేజి తీసినట్టే రాగం తీశాను. సిస్టర్ కళ్లు మూసుకుని వింది. గిన్నె ఖాళీ అయ్యాక "ఇంగోసారి" అంది. మళ్లీ గిన్నెలో పోసుకుని మళ్లీ కొలిచాను. ఆమె కళ్లద్దాలు తీసి ముసుగు చెంగుతో తుడుచుకుంది.

"చాలు తల్లీ. క్లాసుకు పో."

నేను కదల్లేదు. "ఏ క్లాసుకు సిస్టర్?" అన్నాను.

ఆమె అర్థంకాక ఒక్క క్షణం నన్ను చూసింది. తర్వాత లేచి వచ్చి నా చెయ్యి పట్టుకుని, రెండో తరగతి గడప దాకా తానే నడిచి వచ్చింది.