తువ్వాల కింద చేతులు

మా కింది ఫ్లాటు వాళ్ల గృహప్రవేశానికి మొన్న ఆవును తెచ్చారు. కొత్తగూడలో ఇప్పుడు షామియానా లాగే ఆవు కూడా కిరాయికి దొరుకుతుంది, దూడతో కలిపి. నున్నటి గచ్చు మీద గిట్టలు జారుతుంటే పాపం బిక్కుబిక్కుమంటూ హాల్లోకి వచ్చింది. శాస్త్రానికి కాసిని పాలు పిండాలన్నారు పంతులుగారు. ఇంటావిడ పట్టుచీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని చన్ను లాగింది. చుక్క రాలేదు. "ఇది ఒట్టిపోయిందేమోనండి" అని ఆవిడ నా వైపు చూసింది. చివరికి ప్యాకెట్ పాలు పొంగించారు. ఆవు పాలివ్వకపోవడానికి ఒట్టిపోవడం ఒక్కటే కారణం కాదని నాకు తెలుసు. కానీ చెప్పలేదు. చెబితే మిగతాదంతా చెప్పాల్సి వస్తుంది, శుభమా అని వాళ్లు ఇల్లు కొనుక్కుంటే మధ్యలో నా ఏడుపెందుకు?

కంప్యూటర్ కంపెనీల కోసం ఆ గుండ్రటి అద్దాల భవనం మా వైపు అప్పుడప్పుడే లేస్తున్న రోజులవి. కొత్తగూడ అప్పటికింకా ఊరే. పొద్దస్తమానం ఎక్కడో ఒకచోట బండలు పేలుస్తుండేవారు, ఆ చప్పుడుకి మా ఇంటి గూనపెంకులు గడగడలాడేవి. ఆ ఇల్లు మా పెద్దనాయనది. మా బాపు ఫ్యాక్టరీ డ్యూటీకి పోయేవాడు, పశువులన్నీ పెద్దనాయనే చూసుకునేవాడు, పాలు బోరబండ హోటళ్లకు పోయేవి. పెద్దనాయన మాట బెల్లం. ఇంటర్ తప్పి నేను మూల కూర్చున్న ఏడాది, మా జెర్సీ ఆవు ఎర్రటి పెయ్యను ఈనింది. ఇంకా తడి ఆరని దాన్ని తెచ్చి నా ఒళ్లో పెట్టి, "ఇగ ఇది నీదే బిడ్డా. మంచిగ సాదుకో" అన్నాడు. ఇంటర్ తప్పిన పిల్లకు అప్పటిదాకా తిట్లు తప్ప ఎవరూ ఏమీ ఇవ్వలేదు. నేను ఆ మాటను రెండు చేతులా పట్టుకున్నాను.

నాది అనుకున్నాక పేడ కూడా కంపు కొట్టదు. తెల్లారకముందే లేచి తవుడు, పల్లిచెక్క నానబెట్టేదాన్ని. గంగడోలు గోకితే మెడ చాచి కళ్లు మూసుకునేది. బండలు పేలినప్పుడు బెదరకుండా దాని రెండు చెవులూ మూసి పట్టుకునేదాన్ని, పెద్దమ్మ చూసి, "నీ చెవులు ఎవరు మూస్తరే, పిచ్చిదానా" అని నవ్వేది. తొలిచూలు ఈనాక తెలిసింది దాని గుణం. దూడను వదిలినా సరే, ఊరికే కూర్చుని పిండితే పాలు చేపేది కాదు, బిగబట్టేది. దాని డొక్కకు తల ఆనించి, ఇంట్లో వాళ్ల మీద ఒక్కొక్కరి మీదా మెల్లగా చాడీలు చెప్పాలి. పెద్దమ్మ నూనె దాచిపెట్టిందనో, వదిన నా రిబ్బను తీసుకుందనో. అలా గొణుగుతుంటే పొదుగు దానంతటదే వదులయ్యేది. పాలధార బకెట్లో పడే చప్పుడు, వెచ్చటి నురగ వాసన, నా కష్టాలు వినే ఒక ప్రాణి. అంతకన్నా ఏం కావాలి మనిషికి?

పశువుల దవాఖాన వాళ్లు పాల పోటీ పెట్టారని, దాన్ని తీసుకుపోదామని పెద్దనాయనే అన్నాడు. నేను ఎగిరి గంతేశాను. ముందు రోజు సాయంత్రం అధికారుల ఎదుట పొదుగు ఖాళీ చేసి, మర్నాడు రెండు పూటలా పిండిన పాలు తూస్తారు. గిట్టలు తోమి, కొమ్ములకు నూనె రాసి, తోక కుచ్చును నా దువ్వెనతోనే దువ్వాను. అధికారులు దగ్గర నిలబడితే చాడీలు చెప్పడానికి నాకు సిగ్గేసింది, అయినా చెప్పాను. గెలిచింది. మెడలో వేసిన బంతిపూల దండను సగం తినేసింది, మిగతా సగంతో ఫోటో దిగాం. నల్లగండ్ల నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి దాని చుట్టూ తిరిగి, నోరు తెరిచి పళ్లు చూసి, "కాలు విసురుతదా బిడ్డా?" అని అడిగాడు. "అయ్యో, పసిపోరడు పొదుగు కింద పండుకున్నా ఏమనది" అన్నాను. ఎంత తింటుంది, ఎప్పుడు నెమరేస్తుంది, అడిగినవీ అడగనివీ అన్నీ చెప్పాను. పెద్దనాయన మురిసిపోతూ వింటున్నాడు. తర్వాత ఆ పెద్దమనిషి చేయి అందుకుని, భుజం మీది తువ్వాల తీసి ఇద్దరి చేతుల మీదా కప్పాడు. మెచ్చుకుని చేతులు పట్టుకున్నారనుకుని నేనూ నవ్వాను. అంగడికి ఆడపిల్లలను తీసుకుపోయేవారు కాదు. పశువుల బేరం తువ్వాల కింద వేళ్లతో కుదురుతుందని నాకెలా తెలుస్తుంది?

ఆ వారంలోనే ఒక పొద్దున కొట్టంలోకి పోతే గుంజకు పలుపు వేలాడుతోంది. ఆవు లేదు, దూడా లేదు. అమ్మిన పశువు వెంట పలుపు పంపరు, ఆ సంగతి మాత్రం నాకు తెలుసు. వాకిట్లో చాయ్ తాగుతున్న పెద్దనాయన ముందు నిలబడి, "నాదే అంటివి గద!" అన్నాను. ఆయనకు కోపం కూడా రాలేదు.

"నీదే బిడ్డా, ఎవరు కాదన్నరు? నీదంటేనే గద గంత మంచిగ సాదినవ్."

ఏడ్చాను, అన్నం మానేశాను. బాపు మాత్రం అన్నకు ఎదురు చెప్పలేదు.

అక్కడితో అయిపోతే బాగుండేది. నల్లగండ్ల ఆయన పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఆవు చేపడం లేదట, పొదుగు రాయిలా అయిందట, ముట్టుకుంటే తంతోందట. "జర నువ్వొచ్చి చెప్పు బిడ్డా, మూగజీవం, పానం పోతది" అన్నాడు పెద్దనాయన. నన్ను మోసం చేసినవాడే నన్ను బతిమాలుతున్నాడు, అదీ ఆవు పేరు చెప్పి. మొండికేయాలనే ఉంది. కానీ దాని నొప్పి తలుచుకుంటే కాళ్లు ఆగలేదు. పెద్దనాయన మోపెడ్ వెనక కూర్చుని పోయాను.

నన్ను చూసి అరిచింది. డొక్కకు తల ఆనించాను, పొదుగు కాలిపోతోంది. ఎవరి మీద చెప్పాలి చాడీలు? పెద్దనాయన పక్కనే నిలబడి ఉన్నాడు. గొణగలేదు, అందరికీ వినబడేటట్టే చెప్పాను: "ఇన్నవా, నువ్వు నాదానివని జెప్పి నన్ను సాదమన్నడు. నాతోనే నిన్ను పొగిడిచ్చి అమ్ముకున్నడు. మా పెద్దనాయన గసొంటోడు." పాలు చేపింది. అప్పుడు ఆ ఇంటి కోడలి చేతులు పట్టుకుని చన్నుల మీద పెట్టించి, "నువ్వు గూడ ఏమన్న చెప్పక్కా" అన్నాను. ఆమె అత్తవైపు ఓసారి చూసి, గొంతు తగ్గించి మొదలుపెట్టింది. ఆమెకు కష్టాలు చాలానే ఉన్నట్టున్నాయి. నేను లేచి పక్కకు జరిగినా ధార ఆగలేదు. బతికిందిలే అని సంతోషించాల్సింది. నాకు కడుపు మండిపోయింది. అది కూడా నన్ను వదిలేసింది.

పెద్దనాయన పోయి చాలా ఏళ్లయింది. మంచివాడని ఊరంతా చెప్పుకుంటే నేనూ తలూపాను, అబద్ధమేమీ కాదు. తర్వాత మా ఆయన ఈ ఫ్లాటు నా పేరున రాయించి తాళంచెవి చేతిలో పెట్టి, "ఇగ ఇది నీదే" అన్నారు. ఆయన ముఖం వెలిగిపోతోంది. నేను తాళంచెవి తీసుకుని, "ఎందుకు?" అని అడిగాను. ఆయన చిన్నబుచ్చుకున్నారు. కాలం అన్నిటినీ మాన్పుతుందంటారు, నిజమే కావచ్చు. ఆవు మీద బెంగ ఎప్పుడో పోయింది. ఎవరైనా ప్రేమగా ఏదైనా ఇస్తే కారణం అడగకుండా తీసుకోవడం మాత్రం నాకు ఇన్నేళ్లలో మళ్లీ అలవాటు కాలేదు.