మా అన్న టాంకుకు బొట్టు

1979 మే నెల, ఆదివారం. పొద్దున్నే మా ఊరు పోతనాళలో, నా స్నేహితుడు ఖాజా ఇంట్లో టాంకులు చూశాను. వాళ్ల అన్న కువైట్ నుంచి టీవీని, దానికి తగిలించే ఆటపెట్టెను తెచ్చాడు. తెర మీద రెండు టాంకులు, మధ్యలో గోడలు. పుల్ల తిప్పితే టాంకు కదులుతుంది, మీట నొక్కితే గుండు పేలుతుంది.

మా అన్న సైన్యంలో టాంకు నడుపుతాడు. మూడు నెలలుగా ఉత్తరం లేదు. అందుకే పరుగున పోయి అమ్మను పిలుచుకొచ్చాను.

"గిదేనా టాంకంటే? గింత చిన్నగుంటే మీ అన్న కాళ్లు ఏడ పెట్టుకుంటడు?" అంది అమ్మ.

ఖాజా నవ్వాడు. "అసలుది ఇల్లంత ఉంటది అమ్మా. ఇది ఉత్త ఆట."

అమ్మ వినలేదు. తన నుదుటి కుంకుమ వేలికి అద్దుకొని, ఖాజా టాంకుకు అద్దం మీదే బొట్టు పెట్టింది. "ఇగ పోనియ్ కొడుకా."

టాంకు ముందుకు పోయింది. బొట్టు ఉన్నచోటే ఉండిపోయింది.

అమ్మ దాన్నే కొంతసేపు చూసి, "గోడ సాటుకు తోలు నాయ్నా" అంది.

"తోలిన అమ్మా. ఫికర్ చెయ్యకు."

ఎదుటి టాంకు నాది. వేలు మీట మీదే ఉంది, నొక్కలేదు. సున్నా సున్నాతో ఆట గడువు ముగిసింది.

ఏడుపూ రాలేదు, నవ్వూ రాలేదు. స్తబ్ధత అనే మాట పోయిన వారమే నేర్చుకొని, వాడే చోటు కోసం వెతుకుతున్నాను. ఇంత తొందరగా దొరకకుండా ఉండాల్సింది. మీరైతే మీట నొక్కేవారా? చెప్పండి.

రేపు పొద్దున మొదటి బస్సులో టపా సంచి వస్తుంది. పోస్ట్‌మ్యాన్ కంటే ముందే పోయి బస్సు ఆగే చోట నిలబడతాను.