పదడుగుల వెనక ఇష్రత్

శుక్రవారం సాయంత్రం జమ్మలమడుగులో మక్బూల్ బాషా, ఆయన భార్య ఇష్రత్ నడిచివస్తుంటే ఇద్దరి మధ్య కచ్చితంగా పదడుగుల ఎడం ఉంటుంది. ముందు ఆయన, వెనక ఆమె. తెలియనివాళ్ళు అది ఆచారమనుకుంటారు. కొంచెం తెలిసినవాళ్ళు మొగుడూ పెళ్ళాలకు మాటల్లేవనుకుంటారు. నిజానికి అదొక భద్రతా ఏర్పాటు. పదిహేడేళ్ళు ఫౌజులో చేసి నాయక్‌గా దిగిన మక్బూల్ ఆ ఏర్పాటును గౌరవిస్తాడు. గస్తీలో మనిషికీ మనిషికీ అంత ఎడం ఉండాలని, ఒక్క గుండుకు ఇద్దరు పోకూడదని ఆయనకూ నేర్పారు. కాకపోతే అప్పట్లో ప్రమాదం అవతలి కొండ మీద నుంచి వచ్చేది. ఇష్రత్ విషయంలో ప్రమాదం పదడుగుల ముందు నడుస్తోంది.

ఊరి బయట సున్నపురాతి గని ఉంది. సాయంత్రం నాలుగుకు సైరన్ మోగిస్తారు, కాసేపటికి రాయి పేలుస్తారు. ఊళ్ళో వాళ్ళకు అది టీ పెట్టుకునే వేళ. కార్గిల్ యుద్ధంలో పదకొండు రోజులు ఫిరంగి గుండ్ల కింద పడుకున్న మక్బూల్‌కు మాత్రం కాదు. శుక్రవారాలు అత్తగారింటికి పోయివచ్చే దారి ఆ గని పక్కనే. రెండేళ్ళ కిందట ఒక శుక్రవారం అక్కడ పేలుడు వినబడగానే, పక్కనున్న మనిషిని కాపాడవలసిన బాధ్యత ప్రకారం, ఆయన ఇష్రత్‌ను లాగి నేల మీద పడేసి, పైన తాను పడ్డాడు. ప్రాణాలు దక్కాయి. ఆమె కుడి మణికట్టు విరిగింది. ఆసుపత్రిలో డాక్టరుకు ఆమె మెట్ల మీద జారానని చెప్పింది. వాళ్ళింటికి మెట్లు లేవు. విరిగిన చెయ్యి నలభై రోజుల్లో అతికింది గానీ ఆ మెట్లు మక్బూల్ మనసులో అలాగే ఉండిపోయాయి. ఆమె మళ్ళీ తన పక్కన నడవాలి, అంతే ఆయన కోరిక. అడగడానికి మొహం చెల్లలేదు.

మిగతా రోజుల్లో ఆయన పొద్దున్నే బస్సెక్కి ప్రొద్దుటూరు పోయి ఒక బంగారు అంగడి వాకిట్లో డబుల్ బ్యారెల్ తుపాకి పట్టుకుని నిలబడతాడు. వచ్చేపోయేవాళ్ళు, ఎంతమందిని కాల్చినావు మామా అని అడుగుతుంటారు. లెక్కపెట్టే పని నాది కాదప్పా అంటాడు. ఆ మాట ఎన్నిసార్లు చెప్పాడో కూడా లెక్కలేదు. సాయంత్రానికి కాళ్ళు, తుపాకి, మీసం మూడూ బరువెక్కుతాయి.

అలాంటి రోజుల్లో పులివెందులలో మాజీ సైనికులకు మూడు రోజుల శ్వాస శిబిరమన్నారు. యుద్ధం చూసినవాళ్ళకు గుండెదడ, ఉలికిపాటు తగ్గిస్తారట. ఇష్రత్ తువ్వాలు, లుంగీ సర్ది పంపించింది. కళ్యాణమండపంలో పదకొండు మంది చేరారు. గురువు జయప్రకాష్ మంచివాడు. పాతికేళ్ళు హైస్కూల్లో ఆటల మేష్టరుగా చేసి, ఈలకు బదులు ఇప్పుడు మైకు పట్టుకున్నాడు. నాలుగు అంకెలు పీల్చాలి, పదహారు అంకెలు బిగబట్టాలి, ఎనిమిది అంకెలు వదలాలి. బిగబట్టడంలోనే శాంతి ఉందని ఆయన శాస్త్రోక్తంగా నిర్ధారించాడు.

పదకొండు మంది కళ్ళు మూసుకుని బిగబట్టారు. అయిదో అంకెకు పదకొండు కుడిచేతుల చూపుడువేళ్ళు మెల్లగా లోపలికి వంగాయి. జయప్రకాష్ అది చూసి పొంగిపోయాడు. చెప్పకుండానే అందరికీ ముద్ర కుదిరిందని, ఇంత క్రమశిక్షణగల శిష్యులు తనకు ముందెన్నడూ దొరకలేదని మైకులో ప్రకటించాడు. అది ఏ ముద్రో పదకొండు మందికీ తెలుసు. గురి కుదిరాక, మీట నొక్కేముందు, తుపాకి కదలకుండా ఊపిరి బిగబట్టమని వాళ్ళకు పద్దెనిమిదో ఏట నేర్పారు. శరీరం దాన్ని మరిచిపోలేదు. కానీ ఉస్తాదు చెప్పింది తప్పని చెప్పే అలవాటు ఫౌజులో లేదు. కాబట్టి మూడు రోజులూ పదకొండు మంది నిశ్శబ్దంగా కనబడని శత్రువులను కాల్చి, ఉప్మా తిని, సర్టిఫికెట్లు తీసుకుని ఎవరి ఊళ్ళకు వాళ్ళు వెళ్ళిపోయారు.

మక్బూల్ ఇంటికొచ్చి కూడా ఆజ్ఞ తప్పలేదు. పూటకు ఇరవై సార్లు, పదహారు అంకెలు. తరవాతి శుక్రవారం సైరన్ మోగగానే దారి మధ్యలో నిలబడి నియమం ప్రకారం ఊపిరి బిగబట్టాడు. పదకొండో అంకెకు గని పేలింది. పన్నెండో అంకె ఆయన రోడ్డు పక్క కాలవలో లెక్కపెట్టాడు. ఇష్రత్ వచ్చి ఆయన చెప్పులు వెతికిచ్చింది. ఆ మరుసటి వారం నుంచి ఎడం పదిహేనడుగులైంది.

అంగడి పక్క సందులో నరసింహయ్య ఆచారి ఉన్నాడు. డెబ్భై దాటినవాడు, చిన్న నగలకు టంకం వేస్తాడు. ముందు దీపం, నోట్లో ఇత్తడి ఊదుగొట్టం. మధ్యాహ్నం అన్నం వేళ మక్బూల్ అక్కడే కూర్చుంటాడు. ఒకరోజు డబ్బా పక్కన పెట్టి ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. ఆచారి పని ఆపి చూశాడు.

"ఏమప్పా మక్బూలూ, మొగం నీలంగా అయితాంది. యాడన్నా నొప్పా?"

మక్బూల్ శిబిరం సంగతంతా చెప్పాడు. వేలి సంగతి కూడా చెప్పాడు. అది ఇంతవరకు ఇష్రత్‌కు కూడా చెప్పలేదు. ఆచారి నవ్వలేదు. గొట్టం తుడిచి ఆయన చేతిలో పెట్టాడు.

"ఊపిరి బిగబట్టేటోడు మా పనికి రాడప్పా. బిగబడితే మంట ఎగిరిపడుతుంది, పూస కరిగి నీళ్ళయితుంది. వదలల్ల. వదుల్తానే ఉండల్ల. మంట తలకాయ వాల్చి పండుకున్నట్టుండల్ల, సూడు."

మక్బూల్ ఊదాడు. దీపం ఆరిపోయింది. మళ్ళీ వెలిగించి ఊదాడు, మళ్ళీ ఆరిపోయింది. తుపాకిని గోడకు ఆనించి, మీసం కాలకుండా జాగ్రత్తపడుతూ, రోజూ అన్నం వేళ అరగంట ఆ మంటతో తంటాలు పడ్డాడు. దీపాలార్పడానికి నీకు జీతమెందుకని అంగడి యజమాని రెండుసార్లు హెచ్చరించాడు. రెండో నెలలో ఒకనాడు మంట పక్కకు వాలి, సన్నని నీలిరంగు ముల్లులా కదలకుండా నిలబడింది. చూపుడువేలు గొట్టం మీద చాపుకుని ఉంది. వంగడానికి దానికి చోటు లేదు. ఆచారి ఆ వైపు చూడకుండానే, ఇది చాలు ఇంటికి పో అన్నాడు.

ఆ శుక్రవారం సైరన్ మోగింది. మక్బూల్ నిలబడ్డాడు. గొట్టం లేకపోయినా పెదవులు గుండ్రంగా చేసి వదలడం మొదలుపెట్టాడు. దారిన పోయేవాళ్ళకు ఆయన వేడి టీ ఊదుకుంటున్నట్టు కనబడి ఉంటుంది. గని పేలింది. ఆయన పడుకోలేదు. పక్కనే ఎవరో ఇంటికోసం దించుకున్న నాపబండల గుట్ట మీద కూర్చుండిపోయాడు. ఒళ్ళంతా చెమట. వేళ్ళు తెరుచుకునే ఉన్నాయి. వాటిని ఆయన చాలాసేపు చూసుకున్నాడు.

ఇష్రత్ పదిహేనడుగుల వెనక నిలబడి ఇదంతా చూసింది. తొందరపడలేదు. రెండేళ్ళు జాగ్రత్తగా ఉన్న మనిషి ఒక్కసారికి మోసపోదు. తరవాత నడిచివచ్చింది.

"అయిపోయిందా?"

"శానా సార్లు రెండు పేలుస్తారు. ఇంగొకటి ఉండాదేమో."

ఆమె గుట్ట చుట్టూ తిరిగి రెండో పక్కకు వచ్చింది. అతికిన చెయ్యి అవతలికి, మంచి చెయ్యి ఆయన వైపుకు వచ్చేలా చూసుకుని, మూరెడు ఎడంగా కూర్చుంది.

"మెట్ల మీద జారినానని ఎందుకు చెప్పినావు?" అన్నాడాయన. రెండేళ్ళ తరవాత.

"నిజం చెప్తే నీకు గూడా చీటీ రాస్తాడు. ఇద్దరికీ మందులు యాడ తెచ్చేది?" అంది. "ఊదు. ఊదుతా ఉండు."

ఆయన ఊదాడు. బండలు ఇంకా ఎండ వేడిగానే ఉన్నాయి. ఇద్దరూ అలిసిపోయి ఉన్నారు. రెండో పేలుడు ఎప్పుడొస్తుందో, వస్తుందో రాదో గని వాళ్ళకే తెలియాలి. ఆమె మాత్రం లేవలేదు.