దస్తగిరి మేస్త్రీ జేబు

పని మొదలుపెట్టే ముందు, ఎదుటివాడి చేతిలో ఏది ఉంటే ప్రమాదమో దాన్ని తన లాల్చీ జేబులో వేసుకోవడం దస్తగిరి మేస్త్రీ అలవాటు. ఏలూరులో ఈ సంగతి తెలియనివాడు ఇంకా పుట్టలేదు. మంగలి ముందు కూర్చుంటే, నురుగు పూయడం పూర్తయ్యేదాకా కత్తి ఆయన జేబులోనే. జట్కా ఎక్కితే కొరడా ఆయన ఒళ్లోనే. ఊళ్లో ఆయన్ని మనస్ఫూర్తిగా మెచ్చుకునేవి గుర్రాలొక్కటే.

తాడేపల్లిగూడెం బస్సయితే మరీ విడ్డూరం. ఇంజను తిప్పే హేండిలు లాక్కుని, ఆడవాళ్లూ పిల్లలూ సర్దుకుని కూర్చున్నాకగాని ఇచ్చేవాడు కాదు.

"ఏంటండీ మేస్త్రీ గారూ, బస్సు మీదా నాదా?" అనేవాడు డ్రైవరు.

"బస్సు మీదేనండి. కాళ్లూ చేతులూ వాళ్లవండి."

ఆఖరికి తన నిఖాలో కూడా ఖాజీ గారి కలం జేబులో వేసుకున్నాడట. లోపల పెళ్లికూతురు హలీమా మూడుసార్లూ నిజంగా ఒప్పుకుందని తేలాకే తీసిచ్చాడట. హలీమాను అడిగితే నవ్వేదేగాని, కాదనేది కాదు.

ఈ జేబు వల్ల ఎక్కువ అవస్థ పడ్డది మాత్రం పుష్పక టాకీసు మేనేజరు సత్తిరాజు గారు. పంతొమ్మిది వందల ముప్ఫై ఎనిమిదిలో ఆ హాలు నెత్తిన గాజుగొట్టంతో చేసిన ఒక నియాన్ బాణం ఉండేది. మద్రాసులో ఏదో దుకాణం వదిలించుకున్న పాత సరుకు. అయినా ఎర్రగా వెలిగిందంటే, కొల్లేటి లంకల నుంచి పడవల్లో వచ్చినవాళ్లు సినిమా మాట మరిచి నోరు తెరుచుకుని నిలబడేవారు. ఆ కొల్లేటి చెమ్మగాలికే దాని పింగాణీ బుడిపెల మీద మసి పేరుకుని, కరెంటు చిటపటలాడేది. అందుకని ప్రతి శుక్రవారం మధ్యాహ్నం నమాజు కాగానే, ఊళ్లో కరెంటు పనులు చూసే దస్తగిరి వచ్చి తుడవాలి.

ఆ తుడవడం ఒక తతంగం. ముందు ఫ్యూజు పీకి జేబులో వేసుకునేవాడు. తరవాత తాపీగా ఒక బీడీ కాల్చేవాడు.

"ఇంకెంతసేపండీ?" అని సత్తిరాజు గారు కిందినుంచి అరిచేవారు.

"గాజు చల్లారాలండి. మీరూ చల్లారాలండి."

తరవాత, మిగిలిన కరెంటు నేలలోకి పోయేలా, భూమిలోకి దింపిన తీగను ఎండుకర్రతో బాణం రెండు కొసలకూ తాకించి, పొడిచెక్క మీద నిలబడి, పొడిగుడ్డతో పసిపిల్ల ఒళ్లు తుడిచినట్టు తుడిచేవాడు. అంతా ముగించి దిగి ఇంటికి పోయేవాడు, ఫ్యూజు జేబులోనే పెట్టుకుని! అడిగితే, మరిచిపోయానండి అనేవాడు.

ఆ పాత బోర్డుకు పట్టే ఫ్యూజు అదొక్కటే. పోనీ ఎవరినైనా పంపుదామంటే, "నా చేతిలోంచి మేనేజరు గారి చేతికేనండి, మధ్యలో ఇంకో చెయ్యి ఉండకూడదు" అని తిప్పి పంపేవాడు. చచ్చినట్టు సత్తిరాజు గారే కాలవగట్టు మీది మేస్త్రీ ఇంటిదాకా నడవాలి. వెళితే ఊరికే వదిలేవారా? పరదా వెనకనుంచి హలీమా, "కూర్చోండి. పాపాయమ్మ గారింటి పాలండి, గ్లాసూ వాళ్లదేనండి" అని పాలూ అరటిపళ్లూ పంపేది. ఆచారం చెడకుండా పక్కింటినుంచి తెప్పించేదన్నమాట. గంటసేపు కబుర్లు. చివరికి గొలుసు గడియారం చూసుకుని, ఆరింటి ఆటకు ఈయన ఉరుకులు పరుగులు.

సత్తిరాజు గారిది గణపవరం. భార్య పోయాక పొలం తమ్ముళ్లకు వదిలేసి, హాలు మేడమీది గదిలో ఒంటరిగా ఉంటున్నారు. రోజూ మూడు వందలమంది ఆ హాలుకు వచ్చేవారు. ఆయన కోసం వచ్చేవాడు ఒక్కడూ లేడు. ఆట వదిలాక ఖాళీ కుర్చీలు చూస్తే ఆయనకు అన్నం సయించేది కాదు.

ఒక శుక్రవారం చెప్పాపెట్టకుండా హాలు యజమాని అబ్బాయిరాజు గారు దిగారు. పరీక్షకని స్విచ్చి వేసి చూస్తే బాణం వెలగలేదు.

"మళ్లీ జేబులోనేనా? ఏవండీ సత్తిరాజు గారూ, ఆ మేస్త్రీకి సెలవు చెప్పెయ్యండి. బెజవాడ నుంచి మనిషిని రప్పిస్తాను" అన్నారు.

పీడా పోయిందనుకోవాలి నిజానికి. కానీ కాలవగట్టు మీద ఆయనకు కాళ్లు సాగలేదు. వారానికి ఒక్క గంట తనను కూర్చోమనే ఇల్లు అదొక్కటే. ఆ ముక్క తోచేసరికి దిగులేసింది.

దస్తగిరి సాయంత్రపు నమాజుకని మసీదుకు వెళ్లి ఇంకా రాలేదు. విషయం పరదాకే చెప్పారు.

"ఆయన మరిచిపోవడమేంటండీ!" అంది హలీమా గాభరాగా. "ముప్ఫయ్యేళ్లలో ఒక్క మేకు మరిచిపోయి రాలేదండి. నిరుడు మీరు జ్వరంతో మేడమీద మూడురోజులు పడున్నారంట కదండి. అది తెలిసిన రోజు ఆయన అన్నం ముట్టలేదండి. 'కింద ఇంతమంది సినిమా చూశారు హలీమా, మంచినీళ్లిచ్చినోడు లేడు' అన్నారండి. ఊరికే రమ్మంటే మీరు మా గడప తొక్కరు. పనుంటే వస్తారని..."

సత్తిరాజు గారు అరటిపండు తొక్క తీయడం మానేసి కూర్చుండిపోయారు. ఇంతలో దస్తగిరి వచ్చి ఫ్యూజు చేతిలో పెట్టాడు. సత్తిరాజు గారు అది పుచ్చుకుని హాలుకు వెళ్లారు.

"తప్పు నాదేనండి. ఫ్యూజు నా జేబులోనే ఉంది, నేనే మరిచిపోయాను" అన్నారు యజమానితో, జీవితంలో మొదటి అబద్ధం ఆడుతూ.

"ఖర్మ! మీకూ అంటుకుందా?"

"అంటుకుందండి."

అబ్బాయిరాజు గారు నవ్వేసి, ఇంకెప్పుడూ ఇలా జరగకూడదని రైలెక్కారు.

పై శుక్రవారం దస్తగిరి దిగుతూనే ఫ్యూజు తీసి ఇచ్చేశాడు. హలీమా ఇంట్లో అంతా చెప్పేసింది కాబోలు, తలెత్తలేదు.

"ఇదిగోండి. ఇక మరిచిపోనండి" అని వెళ్లిపోయాడు.

సత్తిరాజు గారు ఫ్యూజు పెట్టి స్విచ్చి వేశారు. పట్టపగలు బాణం ఎర్రగా వెలిగింది. ఆర్పేశారు. నాలుగున్నరయింది. ఇక చేయడానికేమీ లేదు. కాసేపు గదిలో అటూ ఇటూ తిరిగి, చొక్కా వేసుకుని బయల్దేరారు.

గుమ్మంలో ఆయన్ని చూసి దస్తగిరి కంగారుగా రెండు జేబులూ తడుముకున్నాడు.

"ఫ్యూజు మీకే ఇచ్చానండీ!"

"ఇచ్చారు. వెలిగింది."

"మరి పనేంటండీ?"

"పనేమీ లేదు మేస్త్రీ గారూ. ఊరికే వచ్చాను."

దస్తగిరి ఆయన్ని తేరిపార చూశాడు. తరవాత దగ్గరకొచ్చి, ఆయన చొక్కాకు వేలాడుతున్న గొలుసు గడియారం మెల్లగా విప్పి, తన జేబులో వేసుకున్నాడు.

"ఇప్పుడు కూర్చోండి."