పాలపిట్ట బండికి మాటలు రాసినావిడ

మొన్న గుంటూరు మిర్చి యార్డు దగ్గర ఆటోలో ఇరుక్కుపోయాను. ముందు లారీలు, వెనక లారీలు. ఎండు మిరపకాయల ఘాటుకి కళ్లు మండిపోతుంటే చీర కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. పక్కనే ఒక పాత మోటార్ సైకిల్, వెనక మనిషెత్తున బస్తాలు కట్టుకుని, కిర్రుమంటూ ఆగింది. అంత ఘాటులోనూ కాలిన బ్రేకు వాసన విడిగా ముక్కుకి తగిలింది. తల తిప్పి చూశాను. పాలపిట్ట. ఒకప్పుడు నేను పనిచేసిన ఫ్యాక్టరీ బండి.

ఎదురుగా కూడలిలో అదే కంపెనీ వాళ్ల ఫ్లెక్సీ వేలాడుతోంది. ఉత్సవాలట. డిజైన్‌కి వచ్చిన అవార్డులు, రేసుల్లో కొట్టిన కప్పులు, దేశంలోని బళ్లన్నీ తమ బండిని చూసే రూపం మార్చుకున్నాయన్న మాట, అన్నీ వరసగా వేశారు. అన్నిటి కిందా పెద్ద అక్షరాల్లో, "బరువు బండిది, దారి మీది." ఆ నాలుగు మాటలూ సువార్త గారివి. ఆవిడ పేరు ఫ్లెక్సీ మీద లేదు. ఉండదు కూడా. ఆవిడ పోయి ఏడాది దాటింది.

సువార్త గారు ఆ ఫ్యాక్టరీలో ప్రచార విభాగానికి పెద్ద. ఒంగోలు మనిషి. తండ్రి మిషన్ స్కూల్లో హెడ్మాస్టరుగా చేశారట. చిన్నప్పుడు రోజూ పొద్దున బైబిలు పైకి చదివించేవారని చెప్పేది. అందుకేనేమో ఆవిడ వాక్యం చెవికి ఆనేది. గంజి పెట్టిన నేత చీర, మెడలో దారానికి వేలాడే కళ్లద్దాలు, చక్కెర లేని కాఫీ. ఆవిడ గది బళ్లు బిగించే షెడ్డు మీద ఉండేది. కింద మిషన్లు తిరుగుతుంటే బల్ల మీద కాఫీ కప్పు సన్నగా వణికేది. ఆ వణుకులోనే ఆవిడ రాసేది, మాచేత రాయించేది.

నేను పొదిలి నుంచి డిగ్రీ పట్టా పట్టుకుని వచ్చిన కొత్తలో ఒక ప్రకటన రాసివ్వమంది. రాత్రంతా ఆలోచించి, "అత్యాధునిక సాంకేతిక పరిజ్ఞానంతో రూపుదిద్దుకున్న అద్భుత వాహనం" అని రాసుకొచ్చాను. ఆవిడ చదివి కాగితం పక్కన పెట్టింది.

"మీ నాన్నగారు ఏం చేస్తారు హసీనా?"

"పొదిల్లో సైకిల్ షాపండి."

"ఇది ఆయనకి చదివి వినిపిస్తే ఏం అర్థమవుతుంది?"

"బండి ఖరీదెక్కువని అర్థమవుతుందండి."

ఆవిడ నవ్వి, కళ్లద్దాలు తీసి, కళ్లు తుడుచుకుంది. "పద, బండి ఎవరు కొంటారో చూసొద్దాం" అని అప్పటికప్పుడు కారు తెప్పించింది. బండి రూపం గీసే కుర్ర ఇంజినీర్లిద్దరినీ కూడా ఎక్కించుకుంది. ప్రత్తిపాడు వైపు ఒక మిరప తోట దగ్గర ఆగాం. కోతలు జరుగుతున్నాయి. గట్టు మీద ఒక రైతు బండి వెనక బస్తా పెట్టి తాడు బిగిస్తున్నాడు. అతని భార్య ఆ బస్తాని గుండెకి ఆనించుకుని, సీటు అంచున సగమే కూర్చుంది. సువార్త గారు ఆమె దగ్గరికెళ్లి, "ఇట్టా ఎంత దూరం పోతావమ్మా?" అని అడిగింది. "కల్లం దాకా" అందామె. "పడవూ?" "పడతా. మళ్లీ ఎక్కుతా." ఇంజినీర్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత కొన్నాళ్లకి పాలపిట్టకి వెనక గొట్టాలతో చేసిన వెడల్పాటి క్యారియర్ వచ్చింది. బస్తా ఆ క్యారియర్ మీద కూర్చునేది, మనిషికి సీటు మిగిలేది. ఆ డిజైన్‌కే అవార్డు వచ్చింది. మిగతా కంపెనీలు కూడా అలాంటి క్యారియర్లే పెట్టాయి. ఆ రోజు కారులో తిరిగొస్తూ సువార్త గారు ఒక్కటే అంది: "చూసింది రాయి. చూడనిది రాయకు. మన పనిలో దీనికి మించిన రహస్యం లేదు." నేను దాన్ని వేదవాక్కులా పట్టుకున్నాను.

కొండలు మాకు పరిచయమైంది ఆ తర్వాతే. వాడరేవు కుర్రాడు. తెల్లవారి పడవలు ఒడ్డుకి రాగానే చేపల బుట్టలు పాత బండి మీద వేసుకుని, చీరాల మార్కెట్‌కి ఇసుకలోంచి దూసుకుపోయేవాడు. కంపెనీ రేసుల్లోకి దిగాలనుకున్నప్పుడు ఎవరో అతని సంగతి చెప్పారు. తీసుకొచ్చి పాలపిట్ట ఇచ్చారు. ఇసుకైనా బురదైనా అతనికి ఒకటే. రాష్ట్రం దాటి వెళ్లినా గెలిచే వచ్చేవాడు. కప్పు తెచ్చి ముందు సువార్త గారి బల్ల మీద పెట్టి, ఆ తర్వాతే ఎం.డి. గారి గదికి తీసుకెళ్లేవాడు. ఆవిడకి పెళ్లీ పిల్లలూ లేరు. అతన్ని "నాయనా" అని పిలిచేది.

ఒకసారి ఫొటోల కోసం అందరం వాడరేవు వెళ్లాం. కొండలు బలవంతం చేసి ఆవిడని బండి ఎక్కించాడు. నీళ్ల అంచున బండి పరుగెత్తుతుంటే ఆవిడ అతని చొక్కా రెండు చేతులా పట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకుని, పైకి కీర్తన పాడింది. మేమంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం.

"బండి గురించి అంత రాశారు కదా మేడం, నమ్మకం లేదా?" అన్నాడు కొండలు ఆవిడని దించుతూ.

"రాసినప్పుడు అది నిలబడి ఉంది నాయనా" అంది ఆవిడ చెప్పులు వెతుక్కుంటూ.

ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పుడు ఒళ్లు మండుతుంది.

మరుసటి ఏడాది కంపెనీ కొత్త మోడల్ తయారుచేసింది. బరువు తక్కువ, వేగం ఎక్కువ. దాన్ని ముందు రేసులో గెలిపించి, ఆ వారంలోనే పెద్ద సంబరం చేసి మార్కెట్‌లోకి వదలాలని అనుకున్నారు. రేసుకి ముందు ఒక మధ్యాహ్నం క్యాంటీన్‌లో నేనూ సువార్త గారూ అన్నం తింటుంటే కొండలు వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"మేడం, కొత్త బండికి ముందు బ్రేకు వేడెక్కితే పట్టడం లేదు. జారిపోతంది. ఇంజినీర్లకి చెప్పా. పందెం అయ్యాక చూద్దామంటన్నారు. మీరు చెబితే ఎం.డి. గారు వింటారు."

సువార్త గారు పళ్లెం వదిలేసి, చెయ్యి కడుక్కుని, నేరుగా మేడ మీదికి వెళ్లింది. తిరిగొచ్చేసరికి ఆమె మొహంలో రంగు లేదు. "విన్నారు. మారుస్తామన్నారు. పందెం అయ్యాకే" అంది. కొండలు వైపు తిరిగి, "ఈసారికి నెమ్మదిగా పోరాదా నాయనా?" అని అడిగింది.

"నెమ్మదిగా పోతే అది పందెం ఎందుకవుద్ది మేడం?" అన్నాడు. అతను నవ్వాడు గాని ఆవిడ నవ్వలేదు.

ఆ పందెంలో ఒక దిగుడు మలుపు దగ్గర బండి ఆగలేదు. కొండలు బండితో సహా రాళ్లలోకి వెళ్లిపోయాడు. ప్రాణం దక్కింది. కుడికాలు మోకాలి కింద తీసేశారు.

మర్నాడు ఆఫీసుకి విలేకరుల ఫోన్లు ఆగకుండా వస్తున్నాయి. సువార్త గారిని పైకి పిలిచారు. చాలాసేపటికి దిగొచ్చి, నా బల్ల దగ్గర నిలబడింది. "హసీనా, అమరావతిలో మన డీలరు కొత్త షోరూం తెరుస్తున్నాడు. వెళ్లి ఫొటోలు తీయించుకురా."

"ఇవాళా మేడం?"

"ఇవాళే. ఇప్పుడే బయల్దేరు."

వెళ్లాను. షోరూం ముందు కొబ్బరికాయలు కొడుతుంటే, డీలరు కుటుంబం కొత్త బట్టలతో బళ్ల పక్కన నిలబడి నవ్వుతుంటే, నాకేమీ అర్థం కాలేదు. మర్నాడు పొద్దున్నే పేపరు చూశాక అర్థమైంది. "పోటీదారుడు సూచించిన వేగాన్ని మించాడు. వాహనంలో ఏ లోపమూ లేదు. అతను త్వరగా కోలుకోవాలని సంస్థ కోరుకుంటోంది." కింద ఎవరి పేరూ లేదు. అక్కర్లేదు. ఆ వాక్యం ఎవరిదో నాకు తెలుసు. ఆవిడ చెయ్యి నాకు తెలుసు.

ఆఫీసుకి వెళ్లి పేపరు ఆవిడ ముందు పెట్టాను. "ఇది మీరు రాశారా మేడం?"

"రాశాను."

"కొండలు మీతోనే కదండీ చెప్పాడు. నేను పక్కనే ఉన్నాను."

ఆవిడ కళ్లద్దాలు తీసి కొంగుతో తుడిచింది. మళ్లీ పెట్టుకుంది. "నీ పని చూసుకో హసీనా" అంది.

సంబరం అనుకున్న రోజునే జరిగింది. ఫ్యాక్టరీ ముందు షామియానా, సన్నాయి మేళం, పూలదండ వేసిన కొత్త బండి. వేదిక మీద బల్లపై కొండలు తెచ్చిన కప్పులన్నీ తుడిచి వరసగా పెట్టారు. మైకు పట్టుకున్నాయన ఒక్కో కప్పూ ఎత్తి చూపించి, "ఇది మన బండి గెలిచింది, ఇదీ మన బండే గెలిచింది" అంటుంటే జనం చప్పట్లు కొట్టారు. బండి తనంతట తానే పరుగెత్తి కప్పులు తెచ్చుకున్నట్టు ఉంది వింటుంటే. కొండలు పేరు ఎవరూ ఎత్తలేదు. ముందు వరసలో పట్టుచీర కట్టుకుని కూర్చున్న సువార్త గారు కూడా చప్పట్లు కొట్టింది. నేను బిర్యానీ పొట్లం కుర్చీ మీద వదిలేసి వచ్చేశాను. ఆ నెలలోనే ఉద్యోగం మానేశాను. కొన్నాళ్లకి ఆ మోడల్‌కి ముందు బ్రేకు మార్చారు. ఎందుకు మార్చారో ఎక్కడా రాయలేదు. అప్పటికే అమ్మేసిన బళ్లని వెనక్కి పిలవలేదు.

కొండల్ని చూడటానికి వాడరేవు వెళ్లాను. సముద్రం చూడటానికి వచ్చేవాళ్లకి ప్లాస్టిక్ కుర్చీలు అద్దెకిస్తున్నాడు. వాళ్లమ్మ కాస్త దూరంలో ఎండబెట్టిన చేపల్ని తిరగేస్తోంది. నాకొక కుర్చీ వేశాడు. చాలాసేపు ఆ మాటా ఈ మాటా మాట్లాడాక, అతనే అన్నాడు.

"మేడం వచ్చింది, క్రిస్మస్‌కి. కేకు పట్టుకొచ్చింది. మా అమ్మ గడప దాటనీయలా. పాపం, ఎండలో అట్టాగే నిలబడిపోయింది."

"నువ్వేమన్నావు?"

"ఏమంటా? కంపెనీ మీద నాకు కోపం లేదు చెల్లెమ్మా. దానికి మొహం లేదు, దాన్నేం తిడతాం. ఆమెకి నేను నా నోటితో చెప్పుకున్నా. విన్నది. అన్నం వదిలేసి లేచి పోయింది నాకోసం. అన్నీ తెలిసి, అట్టా రాసింది."

ఎవరో పిల్లలతో వస్తే, చంకకర్ర ఆనించుకుని కుర్చీలు తీయడానికి లేచాడు.

ఆ మాట మనసులో పెట్టుకునే చాలా ఏళ్లు ఆవిడని చూడలేదు. ఒంట్లో బాగాలేదని కబురొచ్చాక ఒంగోలు వెళ్లాను. చెల్లెలి ఇంట్లో, కిటికీ పక్కన మంచం మీద ఉంది. చిక్కి సగమైంది. నన్ను చూసి, "పెద్దదానివయ్యావు" అంది. పలకరింపులు అయ్యాక ఇక ఉండబట్టలేక అడిగేశాను.

"ఎందుకు రాశారు మేడం?"

ఆవిడకి నేను దేని గురించి అడుగుతున్నానో చెప్పాల్సిన పని లేకపోయింది. "నేను రాయనంటే ఆ పని నీ బల్ల మీదికొచ్చేది. ఎం.డి. గారు ఆ మాటే అన్నారు, ఆ పొదిలి అమ్మాయి చేత రాయిస్తానని. అందుకే నిన్ను అమరావతి పంపాను."

"నేను రాసేదాన్ని కాదండి."

"ఆ వయసులో, ఆ ఇంటి నుంచి వచ్చి, రాసేదానివే" అంది నెమ్మదిగా. "నా చేతికి ఎలాగూ మసి అంటింది. నీదన్నా శుభ్రంగా ఉంటుందనుకున్నాను."

నాకు కోపం ముంచుకొచ్చింది. నేను అడగని మేలు అది. దానికి మూల్యం చెల్లించింది ఆవిడ కాదు, కొండలు. "మీరు నిజం రాసిచ్చి చూడాల్సింది."

"వేసేవాళ్లు కాదు."

"రాసి చూడలేదు కదండీ."

ఆవిడ కిటికీ వైపు తిరిగింది. మంచినీళ్లు అడిగింది. తల కింద చెయ్యి పెట్టి లేపి, తాగించాను. మేమిద్దరం ఆఖరుసారి మాట్లాడుకున్నది అదే. సమాధి దగ్గరికి కంపెనీ పెద్ద పూలచక్రం పంపింది. కొండలు రాలేదు. రావాలని నేనూ అనుకోలేదు.

ఇప్పుడు గుంటూరులో ఒక ప్రకటనల ఆఫీసులో పనిచేస్తున్నాను. నా చేతి కింద శిరీష అని ఒక అమ్మాయి ఉంది. చురుకైనది. తండ్రి లేడు, తమ్ముడు చదువుకుంటున్నాడు. ఈ మధ్య ఒక పత్తి విత్తనాల కంపెనీ వాళ్లు వచ్చారు. వాళ్ల గింజ వేసిన చేలల్లో మొక్కలు నడుమెత్తు పెరిగాయి గాని కాయ పట్టలేదు. రైతులు రోడ్డెక్కారు. సాగు చేయడంలో రైతులే తప్పు చేశారని రాసిపెట్టమన్నారు. ఆ చేలు నేను చూశాను. రాయనని మా యజమాని మొహం మీదే చెప్పి, తలెత్తుకుని ఇంటికెళ్లాను. నిజం చెప్పాలంటే, ఆ సాయంత్రం నాకు సువార్త గారి మీద గెలిచినట్టే అనిపించింది.

మర్నాడు పేపర్లో ఆ ప్రకటన వచ్చింది. పొట్టి వాక్యాలు, తేలిక మాటలు, ఎక్కడా తడబాటు లేదు. ఆఫీసుకి వెళ్లేసరికి శిరీష తల వంచుకుని ఏదో రాసుకుంటోంది. నేను వచ్చానని తెలిసీ తలెత్తలేదు. సువార్త గారిని నేను ఇప్పటికీ క్షమించలేదు. కానీ ఆ పొద్దున, శిరీష వంచిన తలని చూస్తూ నిలబడినప్పుడు, ఆవిడ మీద కోపం తెచ్చుకుందామని ఎంత ప్రయత్నించినా రాలేదు. ప్రకటన చాలా బాగా రాసింది. రాయడం ఆ అమ్మాయికి నేర్పింది నేనే.