రోమన్ గోడ కోసం బరకాపిన్ కంచె దాకా

నేను రాసిన వ్యాసం ఎర్ర సిరా నిండి తిరిగి వచ్చింది. ఉత్తర బ్రిటన్‌లో రోమన్లు కట్టిన సరిహద్దు గోడను కాపలా కాసిన ఒక మామూలు సైనికుడి రోజు ఎలా గడిచేదన్నది విషయం. గోడ పొడవు, కోటల వరస, అధికారుల హోదాలు ఒక్కటీ వదలకుండా రాశాను. ట్యూటర్ చివర ఒకే వాక్యం రాసింది: "ఇందులో గోడ ఉంది, రోజు లేదు." తిరగరాయడానికి పది రోజుల గడువు ఇచ్చింది. పెర్త్‌లో నేను చదువుతున్నది కంప్యూటర్ సైన్సు. చరిత్ర నేను పట్టుబట్టి తీసుకున్న ఒకే ఒక్క సబ్జెక్టు. ఇందులో తప్పితే ఇక చరిత్ర ఊసెత్తనని, వచ్చే సెమిస్టర్ నుంచి అన్నీ ప్రోగ్రామింగ్ సబ్జెక్టులే తీసుకుంటానని నాన్నకు మాటిచ్చాను. ఇది 1999. 2000 రాగానే కంప్యూటర్లు తేదీలు తప్పుతాయన్న వైటుకె భయంతో కంపెనీలన్నీ పాత ప్రోగ్రాముల్లో తేదీలు సరిచేయించుకుంటున్నాయి. ఆ పని వచ్చినవాళ్ళకు చదువు పూర్తికాకముందే ఉద్యోగాలు వస్తున్నాయి. నాన్నను తప్పు పట్టలేను.

మళ్ళీ లైబ్రరీలో కూర్చున్నాను. గదికి ఎనిమిది మంది పడుకునేవారట. తమ గోధుమలు తామే తిరగలిలో విసురుకునేవారట. చలికి తట్టుకోలేనివాడికి ఇంటి నుంచి మేజోళ్ళు అందేవట. వివరాలు ముద్దొచ్చేలా ఉన్నాయి కానీ వాటిని ఒక రోజుగా గుచ్చే దారం దొరకలేదు. ఖాళీ నేల మీద గీత గీసి దాన్ని రోజూ కాపాడుకునే మనుషులు ఇప్పుడెక్కడైనా ఉన్నారా అని ఆలోచిస్తే, పెర్త్ ఉన్న ఈ రాష్ట్రంలోనే ఉన్నారు. కుందేళ్ళను ఆపడానికి దాదాపు వందేళ్ళ కిందట వేసిన కంచె ఇక్కడ వందల కిలోమీటర్లు సాగుతుంది. ఇప్పుడది పంటల మీదికి వచ్చే ఈమూ పక్షులను, అడవి కుక్కలను ఆపుతోంది. కంచెను చూసుకునే కార్యాలయానికి ఉత్తరం రాస్తే, శనివారం రమ్మని జవాబు వచ్చింది.

పెర్త్ శివారు కానింగ్ వేల్‌లో నేను అద్దెకుంటున్న ఇంటి యజమాని రఫీ అంకుల్‌ది హైదరాబాద్. పదిహేను రోజులకోసారి వ్యాన్‌లో బియ్యం, మసాలాలు వేసుకుని అమ్మడానికి తూర్పున ఉన్న కాల్‌గూర్లీ ఊరికి వెళ్తారు. కంచె ఆయన దారిలోనే ఉంది. ఉదయం ఐదున్నరకు బయలుదేరాం.

"అందరు రెండువేలల్లకి ఉర్కుతుంటే నువ్వు రెండువేల ఏండ్ల ఎన్కకు పోతున్నవేంది బేటా?" అన్నారు హైవే ఎక్కగానే.

"అక్కడ పోటీ తక్కువ, అంకుల్."

ఆయన పగలబడి నవ్వి, పెట్రోల్‌కి నేనివ్వబోయిన డబ్బు వెనక్కి నెట్టేశారు. "గది కిరాయి తీస్కుంటున్న, చాలు. ఒకటి యాదుంచుకో. ఈ ఊర్లల్ల గేట్లు ఎట్లుంటే అట్లనే ఇడ్వాలె. తెరిచుంటే తెరిచి, మూసుంటే మూసి. లేకుంటే రైతులు తిడ్తరు."

నోట్‌బుక్‌లో రాసుకున్నాను. మెర్రెడిన్‌లో టీ తాగి, మరో పాతిక కిలోమీటర్లు తూర్పుకు పోయి, తొమ్మిదింటికి బరకాపిన్ దగ్గర దిగాను.

అక్కడ నాకోసం ఎదురుచూస్తున్న కంచె కాపలా మనిషి కెవ్‌కి యాభై ఏళ్ళుంటాయి. నేను "గుడ్ మార్నింగ్ సర్" అనగానే వెనక్కి తిరిగి చూసి, "ఇక్కడ సర్ ఎవరూ లేరే? నా పేరు కెవ్, మేట్," అన్నాడు, పాత నేస్తాన్ని పిలిచినట్టు. వెనక తొట్టి ఉన్న బండిలో తీగ చుట్టలు, పట్టకార్లు, నీళ్ళ డబ్బా ఉన్నాయి. కంచె వెంట మట్టిబాటలో నడక కంటే కాస్త వేగంగా పోనిచ్చాం. ప్రతి అర కిలోమీటరుకూ దిగడమే. అడుగున ఇసుక కోసుకుపోయి ఏర్పడిన కంతలను రాళ్ళతో పూడ్చాం. తెగిన తీగలను మెలిపెట్టాం. గాలికి బంతుల్లా దొర్లుకొచ్చి కంచెకు అంటుకున్న ఎండు కంపను పీకాం.

"నీ శత్రువు ఎవరు, కెవ్?"

"ఇదిగో," అని ఒక కంప బంతిని కాలితో తన్నాడు. "దీన్ని వదిలేస్తే ఇసుక పట్టి దిబ్బవుతుంది. ఆ దిబ్బ మీద నీ నానమ్మ కూడా కంచె దాటేస్తుంది."

నోట్‌బుక్ నిండుతోంది. పదకొండింటికి ఒక గేటు దగ్గరికొచ్చాం. అవతలి నుంచి గోధుమ లారీ అప్పుడే దాటింది. మమ్మల్ని చూసిన డ్రైవర్ చెయ్యి ఊపి, గేటు తెరిచే మాకు వదిలి వెళ్ళాడు. కెవ్ బండిని అవతలికి తీసుకెళ్తూ, "గేటు సంగతి చూడు, మేట్," అన్నాడు. తెరిచి ఉంది కనుక తెరిచే వదిలాను. నియమం పాటించినందుకు గర్వంగా వెళ్ళి బండెక్కాను.

కాస్త దూరం పోయాక ఒక చెట్టు నీడన ఆగి, రఫీ అంకుల్ భార్య కట్టిచ్చిన పులిహోర పంచుకున్నాం. కెవ్ మిరపకాయ కొరికి నీళ్ళ డబ్బా సగం ఖాళీ చేశాడు. కళ్ళు తుడుచుకుంటూ అడిగాడు, "ఆ గేటు గడియ బిగుసుకుపోతోంది, నీకు సులువుగానే పడిందా?"

"నేను వెయ్యలేదు. తెరిచే ఉంది కదా, అలాగే ఉంచాను."

అతను డబ్బా కింద పెట్టి లేచాడు. బండి వెనక్కి తిప్పాడు. గేటు దగ్గర దుమ్ములో మూడు వేళ్ళ అడుగులు గోధుమ చేల వైపు సాగుతున్నాయి.

"నాలుగు ఈమూలు," అన్నాడు వంగి చూసి. "అది పొలం గేట్లకు చెప్పే నియమం, మేట్. ఇది కంచె."

నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అయినా వెనక్కి తగ్గదలచుకోలేదు. "నన్నేం చెయ్యమంటావో చెప్పు."

"చేతులు చాచి పరిగెత్తు. నేను బండితో ఆవలి నుంచి వస్తా."

రెండు గంటలు పరిగెత్తాను. బూట్ల నిండా ముళ్ళు. ఒక ఈమూ నన్ను చూసి నిలబడి, నేను ఆగితే తానూ ఆగి, నా సహనం పరీక్షించింది. చివరికి మూడింటిని గేటు బయటికి దాటించాం. నాలుగోది చేనులో ఎటో పోయింది. కెవ్ రేడియోలో రైతుకు కబురు చెప్పాడు. అవతలి నుంచి వచ్చిన తిట్లు నాకూ వినిపించాయి.

ఐదింటికి నన్ను మెర్రెడిన్ స్టేషన్‌లో దింపి, అక్కడే బండి బానెట్ మీద ఆ రోజు లాగ్‌పుస్తకం రాశాడు. పాత పేజీలు చూడనిచ్చాడు. చాలా రోజులకు ఒకటే వాక్యం: అంతా సరిగానే ఉంది. ఇవాళ్టి పేజీలో మాత్రం, గేటు తెరిచి ఉంది, ఒక ఈమూ లోపలే ఉంది, బాధ్యత కె., అని ఉంది.

"అది నా తప్పు, కెవ్."

"కాపలా నాది," అన్నాడు పుస్తకం మూస్తూ.

ఆరు దాటాక వచ్చిన రైల్లో, ఆ గోడ సైనికుల గురించి చదివిన ఒక సంగతి గుర్తొచ్చింది. అందరూ ఉండాల్సిన చోట ఉన్నారని వాళ్ళు చిన్న చెక్క పలకల మీద నివేదికలు రాసేవారట. మొదటిసారి చదివినప్పుడు విసుగొచ్చి పేజీ తిప్పేశాను. ఆ ఒక్క వాక్యం నిజాయితీగా రాయడానికే వాళ్ళ రోజంతా గడిచేదని ఇప్పుడు అర్థమైంది. తిరగలి, మేజోళ్ళు, ఎనిమిది మంది గది అన్నీ దాని చుట్టూ చేరాయి. టికెట్ వెనకే మొదటి పేరా రాశాను. స్టూడెంట్ కార్డుంటే ఆ టికెట్ సగం ధరే. గడువుకు ముందురోజే వ్యాసం ఇచ్చాను. ఈసారి పాసయ్యాను. నాన్నకు ఫోన్ చేస్తే, "సరే, ఇంకొక్కటి తీసుకో," అన్నారు. తిరిగొచ్చిన వ్యాసంలో, గడియ వెయ్యని కాపలావాడి భయం గురించి రాసిన వాక్యం పక్కన ట్యూటర్, దీనికి ఆధారం ఏమిటని అడిగింది. అడుగున చేర్చాను: బరకాపిన్ కంచె, శనివారం. గేటు తెరిచి వదిలింది ఈ వ్యాసం రాసిన మనిషే.

మీరూ ఆ వైపు వెళ్తుంటే ఒక్క మాట. పొలం గేట్లను కనిపించినట్టే వదలండి. కంచె గేటును మాత్రం ఎలా కనిపించినా మూసి, గడియ పడిందో లేదో ఒకసారి లాగి చూడండి.